సిగ్నల్స్ అమ్మింది ఎవరు? వందేళ్ల నాటి మూకీ సినిమా 'బ్రేవ్‌హార్ట్' కథ

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునే సినిమా పేరు 'బ్రేవ్‌హార్ట్'. ఆగండాగండి, ముఖానికి నీలం రంగు పూసుకుని గుర్రమెక్కిన మెల్ గిబ్సన్ గుర్తొచ్చాడు కదా? అది కాదు. అది 1995. నేను చెప్పేది 1925 డిసెంబర్‌లో వచ్చిన మూకీ సినిమా. ఫోన్‌లో వెతికేటప్పుడు పేరు పక్కన 1925 అని కొట్టండి, లేకపోతే పేజీ నిండా గిబ్సనే వస్తాడు.

ఒక కాలేజీ కుర్రాడు, ఫుట్‌బాల్, ఒక మోసం, చేయని తప్పు నెత్తినేసుకోవడం, ఒక కోర్టు కేసు. వింటుంటే మన సినిమాలాగే ఉంది కదా! కానీ హీరో నేటివ్ అమెరికన్. మన పుస్తకాల్లో రెడ్ ఇండియన్ అని రాసేవాళ్లే, వాళ్లు. ఆ కోర్టు కేసేమో ఒక నదిలో చేపలు పట్టుకునే హక్కు గురించి. నన్ను ఈ సినిమా దగ్గర కూర్చోబెట్టింది ఫుట్‌బాల్ కాదు, ఆ చేపలే. అక్కడికి వస్తాను, ముందు కథ చెప్పేస్తా.

అమెరికా వాయవ్య మూలన, సాల్మన్ చేపలు పట్టుకుని బతికే ఒక తెగ ఉంటుంది. వాళ్ల నదిని వాళ్లకే వదిలేస్తామని ప్రభుత్వం ఎప్పుడో ఒప్పందం రాసిచ్చింది. చేపల్ని డబ్బాల్లో నింపి అమ్మే ఫ్యాక్టరీ యజమాని హోబర్ట్ నెల్సన్ ఆ ఒప్పందాన్ని లెక్కచేయడు. తెగలో రెండు అభిప్రాయాలు. కీ-యోట్ అనే కుర్రాడు కొట్లాటే దారి అంటాడు. పెద్దలు మాత్రం బ్రేవ్‌హార్ట్‌ని కాలేజీకి పంపి లా చదివిద్దాం, వాళ్ల చట్టంతోనే వాళ్లని అడుగుదాం అంటారు. ఊరంతా కలిసి ఒక్కడిని చదివించడం అన్నమాట.

బ్రేవ్‌హార్ట్ వెళ్తాడు. చదువుతోపాటు ఫుట్‌బాల్‌లో స్టార్ అవుతాడు. ఫ్యాక్టరీ యజమాని కూతురు డొరతీని ప్రేమిస్తాడు. ఆ అమ్మాయి తమ్ముడో అన్నో, కథకి తేడా లేదు, ఫ్రాంక్ అని అదే కాలేజీలో ఉంటాడు. వాడు తమ టీమ్ సిగ్నల్స్‌ని ఎదుటి టీమ్‌కి అమ్మేస్తాడు. విషయం బయటపడే టైమ్‌కి బ్రేవ్‌హార్ట్ నోరు విప్పడు. డొరతీ బాధపడుతుందని ఆ నింద తన మీదే వేసుకుంటాడు. కాలేజీ వాడిని గెంటేస్తుంది. ఇంటికొస్తే తెగ కూడా వెలివేస్తుంది. అంత నమ్మి పంపితే పరువు తీసుకొచ్చాడని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఫుట్‌బాల్‌లో సిగ్నల్స్ అమ్మడం ఏంటి? మనకి ఫుట్‌బాల్ అంటే మెస్సీ, రొనాల్డో. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ వేరు. అది చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. నన్నడిగితే సాకర్ కంటే కబడ్డీకి దగ్గర చుట్టం. ఒక్కో టీమ్‌లో పదకొండు మంది. బంతి ఉన్న టీమ్‌కి నాలుగు ఛాన్సులు, ఆ నాలుగింటిలో కనీసం పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ఛాన్సులు, వెళ్లకపోతే బంతి వాళ్లకి. అంటే ప్రతి ఛాన్సూ ఒక చిన్న యుద్ధం. ఎవరు ఎటు పరిగెత్తాలి, ఎవరు ఎవరిని ఆపాలి, బంతి ఎవరి చేతికి వెళ్లాలి, అన్నీ ముందే తయారుచేసుకున్న ప్లాన్.

ఆ ప్లాన్ తన టీమ్‌కి చెప్పేది క్వార్టర్‌బ్యాక్. ఇప్పుడైతే అందరూ గుండ్రంగా తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకుంటారు, దాన్ని హడిల్ అంటారు. ఈ నాటకం రాసిన రోజుల్లో ఆ పద్ధతి ఇంకా మామూలు కాలేదు. క్వార్టర్‌బ్యాక్ ఎదుటి టీమ్ ముందే నిలబడి గట్టిగా నంబర్లు అరిచేవాడు. నంబర్లు అందరికీ వినిపిస్తాయి, అర్థం మాత్రం తన వాళ్లకే తెలుసు. ఆ అర్థాల చీటీ ఒక్కటి అవతలి వాళ్ల చేతికి చిక్కిందా, ఇంక మ్యాచ్ ఆడక్కర్లేదు. మన ఏటీఎం పిన్ పక్కింటివాడికి చెప్పినట్టే. అందుకే సిగ్నల్స్ అమ్మడం అంటే ఆ రోజుల్లో కాలేజీకి ద్రోహం కింద లెక్క.

హడిల్ ఎలా మొదలైందో తెలుసా? వాషింగ్టన్‌లో గాలాడెట్ అని వినికిడి లేని విద్యార్థుల కాలేజీ ఉంది. 1890లలో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ పాల్ హబ్బర్డ్. వాళ్లు సైగలతో మాట్లాడుకుంటారు కదా, ఎదుటివాళ్లు చూసి పట్టేస్తున్నారని తన వాళ్లందరినీ చుట్టూ నిలబెట్టి మధ్యలో సైగ చేయడం మొదలెట్టాడు. సౌండ్ లేని సినిమా గురించి చెప్తూ ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయా.

సరే, కథలోకి. వెలి పడిన బ్రేవ్‌హార్ట్ అయినా సరే కోర్టుకి వెళ్లి, తెగ తరఫున వాదించి, చేపల హక్కు గెలుస్తాడు. ఈలోపు కీ-యోట్ మనుషుల్ని రెచ్చగొట్టి ఫ్యాక్టరీ వాళ్ల మీద పడతాడు, డొరతీ వాళ్ల చేతికి చిక్కుతుంది. బ్రేవ్‌హార్ట్ వెళ్లి విడిపిస్తాడు, పెద్ద రక్తపాతం జరక్కుండా ఆపుతాడు. డొరతీ కూడా తనని ప్రేమిస్తోందని తెలుస్తుంది. మనమైతే ఇక్కడ పెళ్లి బాజాలు వేసేస్తాం. ఈ సినిమా వేయదు. మన జాతులు వేరు అని హీరో ఆమెని వదులుకుని, తన వాళ్లలోకి, స్కై-ఆరో అనే అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతాడు.

ఈ ముగింపు చూసి నాకు చిరాకేసింది. ఒప్పుకుంటా, 1925లో ఇంకోలా తీస్తే చాలాచోట్ల ఆడేది కాదు. వేరే జాతుల మధ్య పెళ్లిళ్లు అప్పట్లో అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చట్టప్రకారం నేరం. కానీ గమనించండి, ఆ గోడ కట్టింది తెల్లవాళ్ల చట్టం, సినిమాలో మాత్రం ఆ గోడని తనంతట తానే గౌరవించే మంచివాడిగా నేటివ్ హీరోని చూపిస్తారు. త్యాగం చేసేది ఎప్పుడూ అతనే. సిగ్నల్స్ విషయంలో అతనే, ప్రేమ విషయంలోనూ అతనే.

ఇంకో సంగతి. ఆ హీరోగా వేసిన రాడ్ లా రాక్ నేటివ్ అమెరికన్ కాదు, షికాగోలో పుట్టిన తెల్లవాడు. ముఖానికి రంగేసుకుని నటించాడు. స్కై-ఆరోగా వేసింది జీన్ ఆకర్. ఈవిడ ఆనాటి అమ్మాయిల కలల రాకుమారుడు రుడాల్ఫ్ వాలెంటినో మొదటి భార్య. డైరెక్టర్ ఆలన్ హేల్‌ని మీరు పాత 'రాబిన్ హుడ్' చూసుంటే గుర్తుపడతారు. 1922 సినిమాలోనూ, 1938 సినిమాలోనూ లిటిల్ జాన్ ఆయనే. నిర్మించింది 'టెన్ కమాండ్‌మెంట్స్' తీసిన సెసిల్ బి. డెమిల్ కంపెనీ. మూల కథ ఆయన అన్న విలియం డెమిల్ రాసిన నాటకం, పేరు 'స్ట్రాంగ్‌హార్ట్'. 1905లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఆడింది. ఆ నాటకంలో హీరోగా వేసిన రాబర్ట్ ఎడిసన్, ఇరవై ఏళ్ల తర్వాత ఈ సినిమాలో విలన్ ఫ్యాక్టరీ యజమానిగా కనిపిస్తాడు. మన దగ్గర కూడా హీరోలు వయసైపోయాక హీరోయిన్ తండ్రులవుతారు, కొత్తేం కాదు. పేరెందుకు మారిందంటారా? 1925 నాటికి అమెరికాలో స్ట్రాంగ్‌హార్ట్ అంటే ఒక సినిమా స్టార్. జర్మన్ షెపర్డ్ కుక్క. నిజంగానే.

ఆ 1905ని మాత్రం గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

ఆ ఏడాది కాలేజీ ఫుట్‌బాల్ ఆడుతూ కుర్రాళ్లు చచ్చిపోతున్నారని దేశమంతా గోల. హెల్మెట్లు సరిగా లేవు, మందలా పడి తొక్కేసేవాళ్లు. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ కాలేజీ వాళ్లని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. మరుసటి ఏడాది రూల్స్ మార్చి బంతిని ముందుకి విసరడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు మనం రీల్స్‌లో చూసే ఆ పొడవాటి త్రోలు అప్పుడే పుట్టాయి. ఆ కొత్త రూల్‌ని ముందుగా బాగా వాడుకున్న టీముల్లో ఒకటి కార్లైల్. అది నేటివ్ పిల్లల స్కూలు.

కార్లైల్ గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే సినిమాలో లేని అసలు కథ ఇదే. 1879లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి పెన్సిల్వేనియాలో పాత సైనిక బ్యారక్స్‌లో ఈ స్కూలు పెట్టాడు. వేల మైళ్ల దూరంలోని తెగల నుంచి పిల్లల్ని రైళ్లలో తెచ్చేవాళ్లు. వచ్చీ రాగానే జుట్టు కత్తిరించేవాళ్లు. వాళ్ల భాష మాట్లాడితే శిక్ష. పేర్లు కూడా మార్చేశారు. పిల్లల్లోంచి ఆ తెగని తీసేస్తే మనిషి మిగులుతాడు, ఇదీ ప్రాట్ సిద్ధాంతం. చాలామంది జబ్బులొచ్చి అక్కడే చనిపోయారు. స్కూలు 1918లో మూతపడింది, పిల్లల సమాధులు మాత్రం ఉండిపోయాయి. 2017 నుంచి అమెరికా సైన్యం ఆ అవశేషాల్ని తవ్వితీసి ఒక్కొక్కటిగా వాళ్ల కుటుంబాలకి అప్పగిస్తోంది. అంటే నిన్నమొన్నటి సంగతి.

అలాంటి స్కూల్లోంచి వచ్చినవాడే జిమ్ థోర్ప్. 1911లో హార్వర్డ్‌ని 18-15తో ఓడించారు, అందులో థోర్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. 1912లో వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీని 27-6తో చిత్తుచేశారు. అవతలి టీమ్‌లో ఆడినవాళ్లలో ఒకడు తర్వాత ప్రెసిడెంట్ అయిన ఐసెన్‌హోవర్. ఒక్కసారి ఊహించుకోండి. ఇరవై రెండేళ్ల కిందట వూండెడ్ నీ దగ్గర సైన్యం నేటివ్ ఆడవాళ్లనీ పిల్లల్నీ కాల్చి చంపింది. ఇప్పుడు ఆ సైన్యానికి కాబోయే ఆఫీసర్లు ఒకవైపు, ఆ తెగల పిల్లలు ఇంకోవైపు.

అదే 1912లో థోర్ప్ స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండు బంగారు పతకాలు గెలిచాడు. 1913లో లాగేసుకున్నారు. కారణం? అంతకుముందు రెండు వేసవి సెలవుల్లో చిన్న చిన్న డబ్బులకి బేస్‌బాల్ ఆడాడట, కాబట్టి అమెచ్యూర్ కాడట. కాలేజీ కుర్రాళ్లు చాలామంది దొంగ పేర్లతో అలాగే ఆడేవాళ్లు. థోర్ప్ తన సొంత పేరుతో ఆడాడు, అందుకే దొరికిపోయాడు. పైగా అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో చెప్పాలని అప్పటి రూల్. వాళ్లు చెప్పింది నెలలు గడిచాక. 1953లో ఆయన చనిపోయాడు. 1982లో సహ విజేతగా ఒప్పుకున్నారు. ఏకైక విజేతగా ఆయన పేరు మళ్లీ రాసింది 2022లో.

నాటకం 1905లోది కదా. చేయని తప్పు మోసిన నేటివ్ ఫుట్‌బాల్ ఆటగాడు అనే పాత్ర ముందు స్టేజీ మీద పుట్టింది, జీవితంలో తర్వాత జరిగింది. 1925లో థియేటర్‌లో కూర్చున్నవాళ్లకి బ్రేవ్‌హార్ట్‌ని కాలేజీ గెంటేస్తుంటే థోర్ప్ గుర్తు రాకుండా ఉంటాడా? తేడా ఒక్కటే. థోర్ప్ ఎవరి ప్రేమ కోసమో నింద మోయలేదు. మోయించారు.

ఇక చేపల దగ్గరికొద్దాం.

గోదావరి జిల్లాల వాళ్లకి సాల్మన్ గురించి సగం చెప్తే చాలు. పులస తెలుసు కదా? సముద్రంలోంచి వరద టైమ్‌లో గోదావరిలోకి ఎదురీదుకుంటూ గుడ్లు పెట్టడానికి వస్తుంది. సాల్మన్ కూడా అంతే, కొలంబియా నదిలోకి వస్తుంది. నది ఇరుకైన చోట, రాళ్ల మీంచి దూకే చోట తేలిగ్గా పట్టుకోవచ్చు. అలాంటి చోట్లే తెగలకి వేల ఏళ్లుగా అన్నం గిన్నె. 1855లో యాకమా తదితర తెగలు లక్షల ఎకరాలు ప్రభుత్వానికి రాసిచ్చి, కొంచెం భూమి మాత్రం ఉంచుకున్నాయి. ఆ ఉంచుకున్న భూమిని రిజర్వేషన్ అంటారు, మన ఉద్యోగాల రిజర్వేషన్ కాదు. కానీ ఒక్క విషయంలో గట్టిగా పట్టుబట్టాయి. మేం ఎప్పుడూ పట్టుకునే చోట్ల చేపలు పట్టుకుంటాం, ఆ చోటు రిజర్వేషన్ బయట ఉన్నా సరే. ఒప్పందంలో అది రాయించుకున్నాయి.

తర్వాత ఫ్యాక్టరీలొచ్చాయి. ఫిష్ వీల్ అని ఒకటి వచ్చింది. నీటి వేగానికి తిరిగే పెద్ద చక్రం, దానికి వలబుట్టలు. రాత్రీ పగలూ దానంతటదే తిరుగుతూ చేపల్ని తోడేస్తుంది. వినాన్స్ అనే అన్నదమ్ములు నది ఒడ్డున భూమి కొని, రాష్ట్ర లైసెన్స్‌తో ఈ చక్రాలు పెట్టి, ఇది మా స్థలం అంటూ యాకమా వాళ్లని రానివ్వలేదు. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. తీర్పు ఏ ఏడాది వచ్చిందో చెప్పుకోండి. 1905! నాటకం ఆడిన ఏడాదే. తెగ గెలిచింది.

తీర్పులో నాకు బాగా నచ్చిన పాయింట్ ఒకటుంది. ఒప్పందం అంటే ప్రభుత్వం తెగలకి ఇచ్చిన హక్కుల లిస్టు కాదు. తెగలు ప్రభుత్వానికి ఇచ్చిన హక్కుల లిస్టు. అందులో ఇవ్వనివి తెగల దగ్గరే ఉన్నట్టు. తలకిందులుగా ఆలోచిస్తే తప్ప తట్టని మాట ఇది. ఇల్లు అద్దెకిచ్చినవాడు పెరట్లో చెట్టు నాదే అని రాయించుకుంటే, అద్దెకున్నాయన దయతలచి ఆ చెట్టు ఇచ్చినట్టు కాదు కదా.

విలియం డెమిల్ నాటకంలో ఈ చేపల గొడవ లేదు. అక్కడ హీరో కొలంబియా యూనివర్సిటీ విద్యార్థి, చివరికి తెగకి నాయకుడిగా తిరిగి వెళ్లాల్సి వస్తుంది, అంతే. మరి సినిమాలోకి సాల్మన్ ఎలా ఈదుకొచ్చింది? నైపో స్ట్రాంగ్‌హార్ట్ అనే మనిషి వల్ల. యాకమా వాళ్లతో అనుబంధం ఉన్న నటుడు, ఊరూరా తిరిగి నేటివ్ల గురించి ఉపన్యాసాలిచ్చేవాడు. ఈ సినిమాకి సలహాదారుగా పనిచేశాడు, వైద్యుడి పాత్ర కూడా వేశాడు. చేపల హక్కు విషయం కథలో చేరడంలో ఆయన చెయ్యి ఉంది. సినిమా రిలీజయ్యాక దాంతోపాటు తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. ఇప్పుడు మనం ప్రమోషన్ టూర్ అంటాం, ఆయనకి అది ప్రచార యాత్ర. చనిపోతూ తన పుస్తకాలూ సేకరణా యాకమా నేషన్‌కే రాసిచ్చాడు. హాలీవుడ్ వాళ్లు ప్రేమకథ తీస్తున్నామనుకుంటే, ఈయన అందులో ఒక కేసు దాచిపెట్టాడని నాకనిపిస్తుంది.

1924లో, అంటే సినిమా వచ్చిన ముందటి ఏడాదిలో, దేశంలో పుట్టిన నేటివ్లందరికీ అమెరికా పౌరసత్వం ఇచ్చింది. అవును, 1924. అప్పటిదాకా వాళ్లలో చాలామంది సొంత గడ్డ మీదే పౌరులు కారు. అలాంటి టైమ్‌లో ఒక నేటివ్ కుర్రాడు కోర్టులో నిలబడి ఫ్యాక్టరీ యజమాని మీద గెలిచే సీన్, ఎంత మెలోడ్రామా ఉన్నా, చిన్న విషయం కాదు.

గెలిస్తే అయిపోయిందా? 1957లో ద డాలెస్ ఆనకట్ట కట్టారు. ఆ నీళ్లలో సెలైలో జలపాతం, తరతరాలుగా చేపలు పట్టిన చోటు, కొన్ని గంటల్లో మునిగిపోయింది. 1960లలో వాషింగ్టన్ రాష్ట్రంలో చేపలు పట్టినందుకు నేటివ్లని అరెస్టులు చేశారు. నిస్క్వాలీ తెగకి చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ యాభైసార్లకి పైగా అరెస్టయ్యాడు. మొదటిసారి పట్టుకున్నప్పుడు ఆయనకి పద్నాలుగేళ్లు. చివరికి 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పిచ్చాడు. ఆ చోట్ల పట్టగలిగే చేపల్లో సగం వరకు ఒప్పందం ఉన్న తెగలదే అని. 1979లో సుప్రీంకోర్టు దాన్ని చాలావరకు నిలబెట్టింది. బ్రేవ్‌హార్ట్ రెండు గంటల్లోపు గెలిచిన కేసు, బయట 1905 నుంచి 1979దాకా నడిచింది.

ఇప్పుడు సినిమా ఎలా చూడాలో చెప్తా. అమెరికా మూకీ ఫీచర్ సినిమాల్లో దాదాపు 70 శాతం పూర్తిగా పోయాయి. ఆ ఫిల్మ్ తేలిగ్గా అంటుకుంటుంది, పాడైపోతుంది, పైగా మాటల సినిమాలొచ్చాక పాతవాటిని దాచుకోవాలని ఎవరికీ అనిపించలేదు. 'బ్రేవ్‌హార్ట్' బతికి ఉంది, కాపీరైట్ గడువు కూడా అయిపోయింది కాబట్టి ఫ్రీగా చూడొచ్చు. ప్రింట్ కొంచెం మసక. ఫోన్ అడ్డంగా పెట్టి, బ్రైట్‌నెస్ పెంచి చూడండి. మధ్యమధ్యలో వచ్చే డైలాగ్ కార్డుల దగ్గర పాజ్ కొట్టినా తప్పులేదు. వినిపించే మ్యూజిక్ తర్వాత ఎవరో కలిపింది, అప్పట్లో థియేటర్‌లోనే పియానోనో ఆర్కెస్ట్రానో వాయించేవాళ్లు. మ్యూజిక్ నచ్చకపోతే మ్యూట్ చేసి మీ ప్లేలిస్ట్ పెట్టుకోండి, నేనలాగే చేశా, ఇళయరాజాతో బాగానే కుదిరింది.

మ్యాచ్ సీన్ల మీద మాత్రం మరీ ఆశలు పెట్టుకోకండి. ఫుట్‌బాల్ బాగా చూపించిన మూకీ కావాలంటే అదే 1925లో వచ్చిన హెరాల్డ్ లాయిడ్ కామెడీ 'ది ఫ్రెష్‌మన్' ఉంది. వచ్చే ఎపిసోడ్ దాని మీదే. ఈలోపు దీన్ని చూసేయండి, కోర్టు సీన్ మాత్రం స్కిప్ చేయొద్దు. ఉంటానండీ.